పంక్ బ్యాండ్ల వ్యాన్‌లో ఎవరి కష్టం ఎంత?

అమెరికా పంక్ సంగీతం మీద వచ్చిన పుస్తకాలు తిరగేస్తే తరచుగా ఒక పాత వ్యాన్ ఎదురవుతుంది. వెనక ఆంప్లిఫయర్లు, డ్రమ్ములు, వాటి సందుల్లో ముడుచుకుని పడుకున్న కుర్రాళ్లు, ముందు స్టీరింగ్ దగ్గర నిద్ర ఆపుకుంటున్న ఒకడు. సరైన తిండి ఉండదు, స్నానం ఉండదు, రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియదు. ఈ దృశ్యాన్ని ఆ పుస్తకాలు వీరగాథలా చెబుతాయి. కష్టం నిజమే, దాన్ని తక్కువ చేయాలని మాకు లేదు. కానీ అదే వ్యాన్‌లో నల్లజాతి కుర్రాళ్లు ఉన్నప్పుడు ఆ కష్టం రూపం మారుతుంది. పాకిస్తానీ కుటుంబాల పిల్లలు ఉన్నప్పుడు, ఒక ఆడపిల్ల ఉన్నప్పుడు కూడా మారుతుంది. ఎలా మారుతుందో చూడాలన్నదే మా ప్రయత్నం.

పంక్ పరిచయం లేనివారికి రెండు మాటలు. 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాల్లో పుట్టిన సంగీతం ఇది. రెండు నిమిషాల పాట, మూడు నాలుగు కార్డ్స్, విపరీతమైన వేగం, కోపం. సంగీతం నేర్చుకుని రావాల్సిన పనిలేదు, పెద్ద కంపెనీ దయ అక్కర్లేదు, మన రికార్డు మనమే వేసుకుందాం, మన కచేరీ మనమే పెట్టుకుందాం అన్నది దాని సూత్రం. రేడియోలు ఈ పాటలు వేసేవి కావు. కాబట్టి ఊరూరా తిరిగి వాయించడం ఒక్కటే దారి. టూర్ ఆ సూత్రం నుంచే పుట్టింది.

ఆ టూర్ లెక్క ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం. టికెట్ 5 డాలర్లు, 80 మంది వచ్చారనుకుంటే 400 డాలర్లు. అందులోంచి హాలు అద్దె, సౌండ్ ఖర్చు, ముందు వాయించిన స్థానిక బ్యాండ్ల వాటా తీయాలి. మిగిలిన దాంతో మరుసటి ఊరికి పెట్రోలు, నలుగురైదుగురికి తిండి. దారిలో బండి పాడైతే వారం సంపాదన మెకానిక్‌కే పోతుంది. కచేరీ లేని రోజున రాబడి లేదు, ఆకలి మాత్రం ఉంటుంది. అందుకే వరుసగా ప్రతి రాత్రీ ఏదో ఒక ఊళ్లో వాయించాలి, పగలంతా బండి నడపాలి. హోటల్ ప్రశ్నే లేదు. కచేరీకి వచ్చినవాళ్లలో ఎవరైనా రమ్మంటే వాళ్లింటి నేల మీద పడక, లేకపోతే వ్యాన్‌లోనే. టీషర్టులు అమ్ముడుపోతే ఆ రోజు కాస్త కడుపు నిండుతుంది.

కాలిఫోర్నియా బ్యాండు బ్లాక్ ఫ్లాగ్ ఈ పద్ధతిని చివరిదాకా లాగింది. 1981లో అందులో చేరిన గాయకుడు హెన్రీ రోలిన్స్ అంతకుముందు వాషింగ్టన్‌లో ఒక ఐస్‌క్రీం దుకాణం మేనేజరు. 1981 నుంచి 1986 దాకా రాసుకున్న రోజువారీ రాతలను 1994లో ‘గెట్ ఇన్ ద వ్యాన్’ పేరుతో పుస్తకంగా తెచ్చాడు. ఆకలి, ప్రేక్షకుల దాడులు, పోలీసులు, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. శాన్ పెడ్రోకు చెందిన మినిట్‌మెన్ అనే ముగ్గురి బ్యాండు అయితే ఈ పొదుపు బతుకునే తమ సిద్ధాంతంగా చెప్పుకుంది. ఆ బ్యాండు గాయకుడు, గిటారిస్టు డి. బూన్ 1985 డిసెంబర్‌లో జ్వరంతో వ్యాన్ వెనక పడుకుని ఉండగా అరిజోనాలో బండి రోడ్డు దిగి బోల్తా పడింది. అక్కడికక్కడే చనిపోయాడు. వయసు 27. 2003 జూలైలో పోర్ట్‌లాండ్ బ్యాండు ఎక్స్‌ప్లోడింగ్ హార్ట్స్ కచేరీ ముగించుకుని ఇంటికి వస్తుండగా వ్యాన్ పల్టీ కొట్టి, నలుగురిలో ముగ్గురు పోయారు. రాత్రంతా వాయించి పగలంతా బండి నడిపే బతుకులో ఇలాంటి చావుల్ని విధి అని సరిపెట్టుకోలేం.

ఇంతవరకూ పంక్ చరిత్రకారులతో మాకు పేచీ లేదు. పేచీ వాళ్లు ఈ పేదరికాన్ని ఎంచుకున్న త్యాగంగా వర్ణించే దగ్గర మొదలవుతుంది. ఎంచుకున్నది వదులుకోవచ్చు కూడా. బ్లాక్ ఫ్లాగ్ కుర్రాళ్లను గుండ్లు, వేషం చూసి పోలీసులు వేధించిన మాట వాస్తవం. లాస్ ఏంజెలెస్ పోలీసులు వాళ్ల కచేరీల మీద పడి లాఠీలకు పని చెప్పిన మాటా వాస్తవం. తర్వాత అదే కుర్రాళ్లు జుట్టు భుజాల దాకా పెంచుకున్నారు. జుట్టు పెంచుకోవచ్చు, చర్మం మార్చుకోలేరు కదా.

మన పాఠకులకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరూరా తిరిగి ఆడిపాడటం మన దగ్గర కొత్త సంగతి కాదు. చిందు కళాకారులు తరతరాలుగా మాదిగ వాడలకు జాంబపురాణం, ఎల్లమ్మ కథ మోసుకెళ్లారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ అలా వేషం కట్టి పేరు తెచ్చుకున్న కళాకారిణి. ఏ ఊళ్లో ఎవరు ఆడాలో, ఎవరి దగ్గర అడుక్కోవాలో, ఎక్కడ గుడారం వేసుకోవాలో కులం తేల్చింది. వాళ్ల సంచారాన్ని ఎవరూ సాహసం అనలేదు. ఆ పనిని వాళ్లకు పుట్టుకే అంటగట్టింది.

అమెరికాలో నల్లజాతి సంగీతకారులకూ సంచారం పంక్ కంటే చాలా ముందే తెలుసు. హార్లెమ్‌లో పోస్టల్ ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో నల్లవాళ్లకు గది ఇస్తారు, ఎక్కడ భోజనం పెడతారు, ఎక్కడ పెట్రోలు పోస్తారు అని జాబితా ఇచ్చే ‘గ్రీన్ బుక్’ అది. 1960ల మధ్య దాకా వచ్చింది. సూర్యుడు అస్తమించాక నల్లవాడు కనిపించకూడదనే ఊళ్లు ఉన్న దేశంలో అది ప్రాణం కాపాడే పుస్తకం. ఆ ఊళ్ల గుండానే జాజ్, బ్లూస్ కళాకారులు బస్సుల్లో తిరిగి వాయించారు. తెల్ల పంక్ కుర్రాళ్లకు ఎవరింట్లోనో నేల మీద పడుకోవడం కొత్త అనుభవం. హోటల్ గది దొరక్క తెలిసినవాళ్ల ఇళ్లలో తలదాచుకోవడం నల్ల కళాకారులకు అప్పటికే పాత కథ.

ఇప్పుడు బ్యాడ్ బ్రెయిన్స్ దగ్గరికి వద్దాం. వాషింగ్టన్ ప్రాంతానికి చెందిన నలుగురు నల్లజాతి యువకులు. గాయకుడు హెచ్.ఆర్., గిటార్ మీద డాక్టర్ నో, బాస్ మీద డారిల్ జెనిఫర్, డ్రమ్ముల మీద హెచ్.ఆర్. తమ్ముడు ఎర్ల్ హడ్సన్. మొదట జాజ్ కలిపిన సంగీతం వాయించి, 1970ల చివర్లో పంక్‌లోకి వచ్చారు. ఆ వేగం, ఆ నైపుణ్యం అప్పటికి ఎవరికీ లేవు. హార్డ్‌కోర్ అనే శాఖ మొత్తానికీ దారి వేసినవాళ్లలో వీళ్లు ముందున్నారు. రోలిన్స్ తరం తెల్ల కుర్రాళ్లకు గురువుల్లాంటివాళ్లు.

1979లో వీళ్లు ఉన్నవన్నీ అమ్మి టికెట్లు కొనుక్కుని ఇంగ్లండ్ వెళ్లారు. వర్క్ పర్మిట్లు లేవని అధికారులు విమానాశ్రయం నుంచే తిప్పి పంపారు. ఆ ప్రయాణంలోనే వాద్యాలు కూడా దొంగల పాలయ్యాయి. ఇంటికి తిరిగొస్తే ఇల్లు లేదు, చేతిలో గిటార్ లేదు. వాషింగ్టన్ క్లబ్బులు వీళ్ల ప్రేక్షకుల గోలకు భయపడి అవకాశాలు ఇవ్వడం మానేశాయి. దాని మీదే ఒక పాట కట్టి న్యూయార్క్ చేరారు. అక్కడ ఒక చిన్న స్టూడియోలో మకాం పెట్టి, అక్కడే రికార్డు చేశారు. 1982లో అది క్యాసెట్‌గా వచ్చింది. ఇదంతా వ్యాన్ కథలాగే వినిపిస్తుంది. కానీ ఒక్కో మెట్టు దగ్గర ఆగి చూడండి. రోలిన్స్ టూర్ విఫలమైతే దుకాణం ఉద్యోగానికైనా తిరిగి వెళ్లగలడు. వీళ్లకు పడిపోతే పట్టుకునే చేయి లేదు.

1980ల మధ్యలో హెచ్.ఆర్. గంజాయి కేసులో జైలుకు వెళ్లాడు. 1986లో వచ్చిన ‘ఐ అగైన్‌స్ట్ ఐ’ ఆల్బంలో ఒక పాటకు గొంతు జైలు ఫోన్ నుంచే రికార్డయింది. పంక్ అభిమానులు దీన్ని మహా సాహసంగా చెప్పుకుంటారు. గంజాయి ఆ సంగీత లోకంలో చాలామంది దగ్గర ఉండేది. జైళ్లలో ఎవరి శాతం ఎక్కువో అమెరికాలో అందరికీ తెలుసు. అందుకే ఆ ఫోన్ మాకు సాహసంలా వినిపించదు.

ఇదే బ్యాండు గురించి దాచకూడని సంగతి ఇంకొకటి ఉంది. 1982 టూర్‌లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో వీళ్లకు ఆశ్రయం ఇచ్చి సాయం చేసింది బిగ్ బాయ్స్ బ్యాండు. దాని గాయకుడు స్వలింగ ప్రేమికుడని తెలిసి అతన్ని అసహ్యంగా అవమానించి వెళ్లారు. వర్ణవివక్షను మోసిన మనుషులే మరొకరి మీద తమ ద్వేషం రుద్దారు. మత విశ్వాసాన్ని సాకుగా చూపడం సమర్థన కాదు. దళిత ఉద్యమంలో పితృస్వామ్యం గురించి మన స్త్రీలు ఎత్తిన ప్రశ్న ఇలాంటిదే. బ్యాడ్ బ్రెయిన్స్‌ను ప్రేమించేవాళ్లు ఈ అధ్యాయాన్ని కూడా చదవాలి.

స్త్రీల మాట వచ్చింది కాబట్టి పాలీ స్టైరీన్. సోమాలీ తండ్రికి, తెల్ల తల్లికి పుట్టిన మరియన్ ఎలియట్ సయీద్ పెట్టుకున్న పేరు అది. పళ్లకు క్లిప్పులతో, తన ఇష్టానికి కుట్టుకున్న బట్టలతో ఎక్స్-రే స్పెక్స్ బ్యాండు ముందు నిలబడింది. 1978లో విరామం లేని టూర్లు, పత్రికలు ఆమె రూపం మీద చేసిన వ్యాఖ్యలు. డాన్‌కాస్టర్‌లో కచేరీ అయ్యాక హోటల్ కిటికీలోంచి ఆకాశంలో గులాబీ వెలుగు చూశానంది. వైద్యులు స్కిజోఫ్రీనియా అని తేల్చి ఆస్పత్రిలో చేర్చారు. అది బైపోలార్ సమస్య అని సరిగ్గా గుర్తించింది ఎన్నో ఏళ్ల తర్వాత. 1979లో ఆమె బ్యాండు వదిలేసింది. టూర్ కష్టమంటే జనం ఆకలి, నిద్రలేమి దగ్గరే ఆగిపోతారు. ప్రతి రాత్రీ కొత్త గుంపు ముందు మన రంగు, మన ఒళ్లు పరీక్షకు నిలబడటం కూడా దాని ఖర్చే. అది టికెట్ లెక్కలో ఎక్కడా రాదు.

దక్షిణాసియా పిల్లలూ ఈ దారిలో నడిచారు. 1979లో లండన్‌లో ముగ్గురు పాకిస్తానీ కుటుంబాల కుర్రాళ్లు ఒక తెల్ల గిటారిస్టుతో కలిసి ఏలియన్ కల్చర్ పెట్టారు. వలస వచ్చిన వాళ్ల సంస్కృతి ముంచేస్తుందని మార్గరెట్ థాచర్ చేసిన వ్యాఖ్యకు ఆ పేరే జవాబు. 2007లో బోస్టన్ ప్రాంతపు ద కొమీనాస్ మరికొన్ని ముస్లిం పంక్ బ్యాండ్లతో ఒక ఆకుపచ్చ పాత స్కూలు బస్సులో టూర్‌కు బయలుదేరింది. 2001 దాడుల తర్వాతి అమెరికాలో ముస్లిం పేర్లున్న కుర్రాళ్ల బస్సు అది. షికాగోలో ఒక పెద్ద ముస్లిం సంస్థ సమావేశంలో పాడితే, స్త్రీ గొంతు వేదిక మీద వినపడిందని నిర్వాహకులు ఆపించారు, పోలీసులు వచ్చి బయటికి పంపారు. బయటి సమాజం అనుమానించింది, సొంత సమాజం వెళ్లగొట్టింది. బ్యాండు పేరు కూడా గమనించండి. హైదరాబాదులో మనం వినే ‘కమీనా’ తిట్టే అది. ఉత్తరాది పల్లెల్లో భూస్వాములకు సేవ చేసే కులాలను ‘కమీన్’ అనేవారు. ఆ కుర్రాళ్లు ఇది ఎరిగే పేరు పెట్టారని మేము అనడం లేదు. తిట్టు మాత్రం కులాన్ని గుర్తుకు తెస్తుంది.

ఇవాళ ఒక దళిత సంగీత బృందం విదేశీ టూర్‌కు వెళ్లాలంటే? 1979 నాటి ఇమిగ్రేషన్ కౌంటర్ ఇంకా అక్కడే ఉంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా కళాకారుల వీసా దరఖాస్తు రుసుమును 460 డాలర్ల నుంచి 1,000 డాలర్ల పైకి పెంచింది. డబ్బు ఒక భాగమే. తిరిగి వస్తావని నమ్మించడానికి బ్యాంకు నిల్వ, ఆస్తి, స్థిరమైన ఉద్యోగం చూపాలి. మన దేశంలో ఇవి ఎవరి దగ్గర పోగుపడ్డాయో చెప్పేది కులమే. పా. రంజిత్ చొరవతో మొదలై 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ ఇచ్చిన ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో దాదాపు 20 మంది కళాకారులు. గానా, రాప్, రాక్, పరై డప్పు అన్నీ ఒకే వేదిక మీద. అంతమంది ఒక వ్యాన్‌లో పట్టరు. నలుగురు తెల్ల కుర్రాళ్ల కోసం పుట్టిన ‘పొదుపు టూర్’ నమూనా వాళ్లకు సరిపోదు. అందరినీ తీసుకెళ్లాలంటే సంస్థలు, అభిమానులు ముందే డబ్బు పెట్టాలి. కొందరినే తీసుకెళ్తే మొదట మిగిలిపోయేది డప్పు కొట్టేవాళ్లా అన్న ప్రశ్న వస్తుంది.

టూర్ ముగిశాక ఏమవుతుందో పుస్తకాలు తక్కువ రాస్తాయి. బ్యాండుకు పీఎఫ్ ఉండదు, పింఛను ఉండదు, అమెరికాలో ఆరోగ్య బీమా సొంతంగా కొనుక్కోవాలి. 2015లో డాక్టర్ నో గుండె ఆగి ఆస్పత్రి పాలయ్యాడు. హెచ్.ఆర్. భరించలేని తలనొప్పి జబ్బుతో 2017లో మెదడు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. వైద్యం కోసం అభిమానుల విరాళాల మీద ఆధారపడాల్సి వచ్చింది. వాళ్ల పాటల నుంచి నేర్చుకున్న తెల్ల బ్యాండ్లు ఈలోపు పెద్ద పెద్ద స్టేడియాల్లో వాయించాయి.

2021లో బ్యాడ్ బ్రెయిన్స్ తమ పాత రికార్డుల హక్కులు తిరిగి చేతిలోకి తెచ్చుకుని, సొంత లేబుల్ పేరుతో మళ్లీ విడుదల చేయడం మొదలుపెట్టింది. కాంగ్రెస్ భవనం గుమ్మటం మీద పిడుగు పడుతున్న ఆ 1982 క్యాసెట్ అట్ట మళ్లీ దుకాణాల్లోకి వచ్చింది. ఈసారి డబ్బు ఆ నలుగురికి చేరే వీలుంది.