మీకు తెలుసా? మంచులో మొదలై లోయలో ముగిసే సైకిల్ పందెం

ఫ్రాన్స్‌లోని ఆల్ప్ దుయేజ్ అనగానే టూర్ డి ఫ్రాన్స్, 21 మలుపుల ఘాట్ రోడ్డు గుర్తొస్తాయి. అదే స్కీ రిసార్ట్‌లో ఏటా జులైలో జరిగే ‘మెగావలాంష్’ దీనికి పూర్తిగా తిరగేసిన పందెం. ఇక్కడ ఎక్కించే పని కేబుల్ కారుది, దిగడమే మనిషి పని.

1995లో మొదలైన ఈ పందెంలో వందల మంది మౌంటెన్ బైకులతో సహా 3,330 మీటర్ల పిక్ బ్లాన్ శిఖరానికి చేరి, ఒక్కసారే బయల్దేరతారు. ముందు వరుసలో చోటు కావాలంటే అర్హత పోటీలో సంపాదించుకోవాల్సిందే. మంచు వాలు మీద ముందు బ్రేకు కాస్త గట్టిగా నొక్కితే చాలు, సైకిల్ ఒకవైపు, మనిషి ఒకవైపు. వెనకాల వచ్చేవాళ్లు వాళ్ల మీద. కొందరు సైకిల్‌ని పట్టుకుని కూర్చునే జారిపోతారు, అదే తెలివైన పని!

దిగడమే కదా అనుకోకండి. శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడోవంతు తక్కువ. మెత్తటి మంచులో సైకిల్ తోసుకుంటూ పరిగెత్తితే ఊపిరి అందదు. ఆ తర్వాత రాళ్లు, పచ్చిక, అడవి దాటి 2,500 మీటర్లకు పైగా కిందున్న అల్మోన్ ఊరికి చేరేసరికి బ్రేకులు నొక్కీ నొక్కీ వేళ్లు కొంకర్లు పోతాయి.

ఆ కొండమీది సారెన్ హిమానీనదం కరిగి దాదాపు కనుమరుగైంది. అందుకే ఇప్పుడు చక్రాల కింద ఎంత మంచుంటుందన్నది ఆ ఏడాది చలికాలం మీదే ఆధారపడుతోంది.