మట్టి బలాన్ని కరెంటు చెప్పగలదా?

నార్వేలోని రిస్సాలో ఒక రైతు తన కొట్టాన్ని పెద్దది చేసుకోవడానికి పునాది తవ్వించాడు. తీసిన మట్టిని, సుమారు 700 ఘనమీటర్లు, పక్కనే ఉన్న బోట్నెన్ సరస్సు ఒడ్డున పోయించాడు. 1978 ఏప్రిల్ 29న ఆ బరువుకు ఒడ్డు కొంచెం విరిగింది. అక్కడితో ఆగలేదు. విరిగిన అంచు వెనక్కి వెనక్కి తింటూ పోయి, చివరికి 80 ఎకరాలకు పైగా నేలను ఇళ్లతో, పొలాలతో సహా సరస్సులోకి లాగేసింది. ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. చూస్తున్నవాళ్లు ఆ దృశ్యాన్ని కెమెరాలతో తీశారు. అందులో ఇల్లు ఇల్లుగానే, కూలకుండా, కింద నేలతోపాటు కదిలిపోవడం కనిపిస్తుంది. అదేమీ నిట్రమైన కొండవాలు కాదు, సాగులో ఉన్న భూమి.

ఆ మట్టి పేరు క్విక్ క్లే. పదివేల ఏళ్లకు ముందు, మంచుయుగం ముగుస్తున్న కాలంలో, హిమానీనదాలు రాళ్లను నూరగా వచ్చిన మెత్తటి రేణువులు సముద్రం అడుగున పేరుకున్నాయి. ఉప్పునీటిలో అవి ఒకదాన్నొకటి పట్టుకుని, నడుమ బోలెడు సందులతో, అడ్డదిడ్డంగా నిలిచాయి. మంచు బరువు తగ్గాక నేల మెల్లగా పైకి లేచింది. ఒకప్పటి సముద్రగర్భం పొలమైంది. ఆ తర్వాత వేల ఏళ్లపాటు వాననీరూ ఊటనీరూ అందులోని ఉప్పును కడిగేశాయి. రేణువుల అమరిక పాతదే మిగిలింది, వాటిని కలిపి ఉంచిన ఉప్పు మాత్రం పోయింది. కదిలించనంత కాలం ఆ మట్టి నిలబడుతుంది. ఒకసారి నలిగిందా, ఇక నీరే.

ప్రయోగశాలలో దీన్ని కళ్లారా చూపిస్తారు. క్విక్ క్లే ముద్దను బల్లమీద పెడితే గట్టిగా నిలుస్తుంది, పైన బరువు పెట్టినా మోస్తుంది. అదే ముద్దను గాజుపాత్రలో వేసి, చుక్క నీరు కూడా పోయకుండా గరిటెతో కలిపితే, వేరే పాత్రలోకి వంపగలిగేంత పలచనవుతుంది. అందులో కాస్త ఉప్పు వేసి మళ్లీ కలిపితే చిక్కబడి గరిటెకు అంటుకుంటుంది. బలం పోవడమూ తిరిగి రావడమూ ఉప్పు చేతిలోనే ఉంది.

కరెంటుకు ఇక్కడే పని దొరుకుతుంది. నేలలో విద్యుత్తును ప్రధానంగా మోసేది రేణువు కాదు, సందుల్లోని నీరు, ఆ నీటిలో కరిగిన లవణాల అయాన్లు. ఉప్పు నిండుగా ఉంటే దారి సులువు, ఉప్పు కడిగేస్తే అడ్డు పెరుగుతుంది. కాబట్టి క్విక్ క్లే బలహీనపడటానికీ, అందులో విద్యుత్ నిరోధం పెరగడానికీ కారణం ఒక్కటే. ఈ రంగంలో అన్నిటికన్నా ముందు పట్టుకోవాల్సిన విషయం ఇదేనని నా నమ్మకం. కరెంటు బలాన్ని కొలవదు. బలాన్నీ నిరోధాన్నీ ఒకే కారణం శాసిస్తున్న చోట మాత్రం, ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించవచ్చు.

కొలిచే పద్ధతి పాతదే. ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లుంబర్జె 1912లో నార్మండీలో నేలలోకి కరెంటు పంపి చూశాడు. అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ 1915లో నాలుగు కడ్డీల అమరికను వివరించాడు. నాలుగు కడ్డీలను ఒకే వరుసలో సమదూరంలో నేలలోకి దిగగొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. రెండు కడ్డీలు చాలవా అంటే, చాలవు. కడ్డీకీ నేలకూ మధ్య ఉండే అతుకు నిరోధమే అసలు లెక్కను మింగేస్తుంది. వోల్టేజీ కొలిచే కడ్డీలను విడిగా పెడితే ఆ ఇబ్బంది దాదాపు పోతుంది. ఉదాహరణకు కడ్డీల ఎడం 2 మీటర్లు, కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు, వోల్టేజీ 0.4 వోల్టులు అనుకుందాం. 0.4ను 0.1తో భాగిస్తే 4 ఓంలు. దాన్ని ఎడంతోనూ, 6.28తోనూ గుణిస్తే నేల విశిష్ట నిరోధం సుమారు 50 ఓం-మీటర్లు. ఎడం పెంచేకొద్దీ కరెంటు మరింత లోతుకు దిగుతుంది. ఇప్పుడు ఒకే కేబులుకు పదుల కొద్దీ కడ్డీలు తగిలిస్తే, యంత్రమే ఏ నాలుగు కావాలో ఎంచుకుంటూ వందల కొలతలు తీస్తుంది. వాటినుంచి కంప్యూటరు భూమి నిలువుకోత చిత్రాన్ని లెక్కగడుతుంది.

నార్వేలో ఉప్పు పోని సముద్రపు బంకమట్టి సాధారణంగా 1 నుంచి 10 ఓం-మీటర్ల మధ్య ఉంటుంది. ఉప్పు కడుక్కుపోయినది 10 నుంచి 100 దాకా పోతుంది. చిక్కేమిటంటే ఆ రెండో మెట్టులోనే ఒండ్రుమట్టి, పైపొరలో ఆరిన బంకమట్టి కూడా పడతాయి. అందుకని 40 అని వస్తే అది క్విక్ క్లే అని తేల్చలేం. 4 అని వస్తే మాత్రం అక్కడ ఉప్పు ఇంకా ఉందనీ, క్విక్ క్లే అయ్యే అవకాశం బాగా తక్కువనీ అనుకోవచ్చు. కొలత విలువంతా ఈ రెండో మాటలోనే ఉంది. ఏ జాగాను పక్కన పెట్టవచ్చో, ఏ జాగాలో బోరు వేసి మట్టి నమూనా తీయాలో అది చెబుతుంది. కొత్త రోడ్డు దారి వెంట హెలికాప్టరుకు విద్యుదయస్కాంత పరికరం వేలాడదీసి నేల నిరోధాన్ని గుర్తించే పని కూడా అక్కడ జరుగుతోంది.

ఇసుక దగ్గరికొస్తే కథ మారుతుంది. 1942లో గస్ ఆర్చీ అనే అమెరికన్ ఇంజనీరు, శుభ్రమైన ఇసుకరాయిలో సందుల శాతానికీ నిరోధానికీ ఉన్న సంబంధాన్ని సూత్రంగా పెట్టాడు. మట్టిపని చేసే ఇంజనీర్లకు ఇది ఆశ పుట్టించే సూత్రం. వదులు ఇసుకా, బిగువు ఇసుకా అన్న తేడా సందుల శాతమే కదా! లెక్క వేసి చూద్దాం. సందుల్లో నీటి నిరోధం 10 ఓం-మీటర్లు, సూత్రంలోని ఘాతం 1.5 అనుకుంటే, 45 శాతం సందులున్న వదులు ఇసుక దాదాపు 33 ఓం-మీటర్లు, 35 శాతం ఉన్న బిగువు ఇసుక 48 ఓం-మీటర్లు చూపాలి. తేడా బాగానే ఉంది. కానీ బిగువు ఇసుకలోని నీరు కొంచెం ఉప్పదై, దాని నిరోధం 10 నుంచి 7కు దిగితే? అదే బిగువు ఇసుక 34 చూపుతుంది, వదులు ఇసుకలాగే. భూకంపంలో నీరులా జారిపోయే ఇసుక ఏదో, నిలిచే ఇసుక ఏదో కరెంటొక్కటే విడదీయలేదు. పక్కనే నీటి నమూనా తీసి ఉప్పెంతో తెలుసుకుంటే తప్ప ఆ అంకెకు అర్థం లేదు. ఉష్ణోగ్రత కూడా లెక్కలోకి రావాలి, ఒక డిగ్రీ మారితే నిరోధం రెండు శాతం దాకా మారుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో, ఉప్పునీరు చేరిన ఇసుకా బంకమట్టీ ఒకే రకం తక్కువ అంకెలు చూపగలవు. పునాదికి ఆ రెండింటి ప్రవర్తనా ఒకటి కాదు.

తెలంగాణ పల్లెల్లో ఈ యంత్రాన్ని బోరు పాయింటు పెట్టేవాళ్ల చేతిలో చూసినవాళ్లు చాలామంది ఉంటారు. గ్రానైటు నేలలో పైన మట్టి, దాని కింద పుచ్చిన రాయి, అడుగున గట్టి బండ. బండకు నిరోధం వందల నుంచి వేలల్లో ఉంటుంది కాబట్టి ఈ పొరల హద్దు బాగానే తెలుస్తుంది. నీళ్లవాళ్లకు పుచ్చిన రాయి మందం కావాలి, ఇంజనీర్లకు బండ ఎంత లోతున తగులుతుందో కావాలి. కొలత ఒక్కటే.

కానీ ఇంజనీరు అడిగే అసలు ప్రశ్న వేరు. మామూలుగా ఆయన బోరుగుంతలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదులుతూ, గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టిస్తాడు. ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్) అనే ఈ పరీక్షలో ఎన్ విలువ అంటే ఇదే. నిరోధాన్ని చూసి ఎన్ విలువ చెప్పే సమీకరణాలు పరిశోధన పత్రాల్లో చాలా కనిపిస్తాయి. ఒక జాగాలో గీసిన గీత పక్క జిల్లాలో పనిచేయదు, ఎందుకంటే సుత్తి రేణువుల బిగువును పరీక్షిస్తుంది, కరెంటు నీటిని పరీక్షిస్తుంది. మట్టిలోని తేమ శాతంతో మాత్రం నిరోధానికి సంబంధం గట్టిగానే కనిపిస్తుంది. బోరు వేయకుండా కరెంటు సర్వేతోనే నేల ఎంత బరువు మోస్తుందో రాసిచ్చే రిపోర్టును ఎవరూ నమ్మి ఇల్లు కట్టకూడదు. ఇందులో నాకు ఏ మొహమాటమూ లేదు.

నల్లరేగడి దగ్గర మాత్రం ఈ పద్ధతి మనకు నిజంగా అక్కరకొస్తుంది. అందులోని మాంట్‌మోరిలొనైట్ రేణువుల ఉపరితలం మీద అయాన్లు దట్టంగా అంటుకుని ఉంటాయి. తడిసినప్పుడు పొరల మధ్యకు నీటిని లాగి మట్టిని ఉబ్బించడంలోనూ, కరెంటుకు అదనపు దారి ఇవ్వడంలోనూ వాటికి చెయ్యుంది. రిస్సాలో లాగే ఇక్కడా కారణం ఉమ్మడిది. తడి నల్లరేగడి 10 ఓం-మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, కింద మొరం తగలగానే అంకె స్పష్టంగా పెరుగుతుంది. అయితే ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన చేనులో కొలిస్తే సందుల్లోని గాలి అడ్డుపడి పైపొర అంకెలు తారుమారవుతాయి, అందుకే తేమ ఉన్న రోజుల్లో కొలవడం మేలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం అభివృద్ధి చేసిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే (అండర్-రీమ్డ్) పైళ్లను, వానకూ ఎండకూ మట్టి ఉబ్బి కుంగే మందం దాటి, సాధారణంగా మూడున్నర మీటర్ల లోతుకైనా దింపుతారు. ఇంటి స్థలంలో రెండు మూలల్లో రెండు బోర్లు వేసి, వాటి మధ్య ఒక కరెంటు వరుస నడిపితే, రేగడి మందం ఒక మూలన రెండు మీటర్లూ ఇంకో మూలన ఐదూ ఉంటే ఆ తేడా నడిమధ్య ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. ఏ పైలు ఎంత పొడవుండాలో ఆ గీతను బట్టే నిర్ణయించుకోవచ్చు.