పిన్నీ, అమ్మకి చెప్పకు!

మా అక్క కూతురు ఫోన్ చేసేసరికి నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. సాయంత్రం పూట అది ఫోన్ చేయడం మామూలే. హాస్టల్లో కూరలు బాగోలేవనో, గోంగూర పచ్చడి పంపమనో అడుగుతుంది. ఆ రోజు మాత్రం "పిన్నీ, పక్కన బాబాయి ఉన్నారా?" అంటూ మొదలుపెట్టింది. లేరన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత "అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి" అంది.

తాలింపు మాడిపోయింది.

దానికి పందొమ్మిదేళ్ళు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. క్లాసులో ఒక అబ్బాయి, ఇద్దరికీ ఇష్టం. నెలసరి రావలసిన తేదీ దాటి పది రోజులైంది. మందుల షాపులో దొరికే 72 గంటల మాత్ర ఆ నెలలో మూడుసార్లు వేసుకుందట. ఎవరు చెప్పారే అంటే, రూమ్మేట్ చెప్పిందంది. ఆ రూమ్మేట్‌కి ఎవరు చెప్పారో దేవుడికే ఎరుక. (ఈ సంగతులన్నీ రాయమన్నది అదే. పేరూ ఊరూ రాయకపోతే చాలంది.)

నిజం చెప్పొద్దూ, మొదట నా నోటిదాకా వచ్చింది తిట్టే. "మీ నాన్న కష్టపడి చదివిస్తుంటే..." అని మొదలయ్యే ఆ దండకం మన ఇళ్ళల్లో అందరికీ కంఠతా వచ్చు కదా! ఎలాగో మింగేశాను. తిడితే ఇది ఫోన్ పెట్టేస్తుంది. పెట్టేసి ఇంకెవరికి చేస్తుంది?

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దిగగానే మందుల షాపుకెళ్ళి గర్భం తెలుసుకునే కార్డు అడిగాను. మెడలో పుస్తెలున్నదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, నాకే గొంతు పెగల్లేదు. షాపు కుర్రాడు దాన్ని పేపర్లో చుట్టి, నల్లకవర్లో పెట్టి, ఎటో చూస్తూ ఇచ్చాడు. ఇక పందొమ్మిదేళ్ళ పిల్ల ఎలా అడుగుతుంది? కార్డు మీద ఒకటే గీత వచ్చింది. లాడ్జి గదిలో ఇద్దరం గోడకానుకుని ఏడ్చాం. అది ఎందుకేడ్చిందో నాకు తెలుసు. నేనెందుకేడ్చానో తర్వాత చెప్తాను.

గీత ఒకటే అయినా ఊరుకోకుండా లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చీటీ రాసే నర్సు ముందు పిల్ల మెడ వైపు చూసి, తర్వాత "పెళ్ళయిందా?" అని హాలంతా వినిపించేలా అడిగింది. డాక్టరుగారు మాత్రం తలుపు వేయించి, నెమ్మదిగా చెప్పారు. ఆ మాత్ర చేసే పని అండం విడుదల కాకుండా వాయిదా వేయడం. కలిశాక ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అప్పటికే గర్భం వచ్చి ఉంటే అది పనిచేయదు, అది గర్భస్రావం మాత్ర కాదు. దానివల్ల తర్వాత పిల్లలు పుట్టరన్నది కూడా అబద్ధమే. అయితే ఒకసారి వేసుకున్న మాత్ర తర్వాతి కలయికకు కాపు కాయదు. మాటిమాటికీ వేసుకుంటే నెలసరి తారుమారవుతుంది. "ఇది నిప్పంటుకున్నప్పుడు వాడే బకెట్టమ్మా, రోజూ పొయ్యి ఆర్పడానికి కాదు" అన్నారావిడ. వారం ఆగి మళ్ళీ పరీక్ష చేసుకోమన్నారు. ఆరో రోజున నెలసరి వచ్చింది.

బస్టాండ్‌కి ఆ అబ్బాయిని పిలిపించాను. తలొంచుకుని వచ్చి, నాకో నిమ్మసోడా కొనిచ్చి నిలబడ్డాడు. కోప్పడదామని పిలిచినదాన్ని, వాడి ముఖం చూశాక ప్రశ్నలే అడిగాను. ఆ మాత్ర తలనొప్పి బిళ్ళలాంటిదే అనుకున్నాడట! మరి నిరోధ్ ఎందుకు కొనలేదంటే "షాపాయన మా నాన్నకి తెలుసండీ" అన్నాడు. అదీ సంగతి. వాడికి సిగ్గు, దీనికి కడుపు భయం. పంపకం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు నా ఏడుపు సంగతి.

నేను బి.ఎస్‌సీ చదివాను. మందార పువ్వు నిలువుకోత బొమ్మ గీసి, అండాశయం ఎక్కడుందో బాణం గుర్తు వేసి చూపించగలను. నా శరీరం గురించి తెలిసిందల్లా హాస్టల్లో దిండు కింద దాచుకుని చదివిన స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరంగారి జవాబులే. ఇరవై ఒకటో ఏట పెళ్ళయింది. అంతవరకూ పెద్దలు ఆగమన్నారు, ఆగాను. పెళ్ళయిన మూడో నెలకే వాంతులు. అదే నెలలో బి.ఎడ్. సీటొచ్చిన ఉత్తరం వచ్చింది. ఇంట్లో అందరూ స్వీట్లు పంచింది వాంతులకే. ఆగమని చెప్పిన పెద్దవాళ్ళలో ఒక్కరైనా, ఆగక్కర్లేని రోజొచ్చాక ఏం చేయాలో చెప్పలేదు. మావారికీ ఎవరూ చెప్పలేదు. ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. దాన్ని కన్నందుకు నాకే బాధా లేదు. ఆ ఉత్తరం మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది.

అందుకే ఊరికి తిరిగొచ్చాక డాక్టరుగారు చెప్పినవీ, చదివి తెలుసుకున్నవీ కలిపి మేనకోడలికీ, మా అమ్మాయికీ చెప్పాను. మీకూ చెప్తున్నాను.

నిరోధ్‌తోనే మొదలుపెడతాను. హెచ్.ఐ.వి.నీ, ఇతర సుఖవ్యాధులనీ కూడా అడ్డుకునేది అదొక్కటే. అమెరికాలో వేసిన లెక్క ప్రకారం, నూరు జంటలు ఏడాదిపాటు దాన్నే నమ్ముకుంటే, మామూలు మనుషులు వాడే తీరులో 13 మందికి గర్భం వస్తుంది. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇద్దరికే. తేడా ఎక్కడొస్తుందంటే పర్సులో నెలల తరబడి నలిగినదాన్ని వాడటం, తేదీ చూడకపోవడం, కొబ్బరినూనె రాయడం. నూనె తగిలితే ఆ రబ్బరు చిరిగిపోతుంది.

రోజూ వేసుకునే మాత్రల్లో మాలా-ఎన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. 28 మాత్రల్లో 21 మందు, మిగిలిన ఏడూ ఐరన్. ఇదీ తప్పకుండా వేసుకుంటే నూటికి ఒకరికి కూడా గర్భం రాదు. మరిచిపోతూ వేసుకునే మామూలు లెక్కలో ఏడుగురికి వస్తుంది. బి.పి. ఉన్నవాళ్ళూ, కళ్ళ ముందు మెరుపులు కనిపించే పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళూ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఓ చిత్రం చెప్పనా! పి.సి.ఓ.డి. అని మన ఆడపిల్లలకు డాక్టర్లు రాసే మాత్రలు చాలావరకు ఈ జాతివే. ఆ తల్లులు రోజూ రాత్రి గుర్తుచేసి మరీ వేయిస్తారు. గర్భనిరోధక మాత్ర అంటే మాత్రం చెవులు మూసుకుంటారు.

హార్మోన్ పడనివారికి ఛాయ మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మనవాళ్ళు కనిపెట్టిందే, 1991లో సహేలి పేరుతో వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. అది ఆపేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యమవుతుంది, కాబట్టి తొందరలో పిల్లలు కావాలనుకునేవారు ఆలోచించుకోవాలి. కాపర్-టి వేయించుకుంటే రకాన్ని బట్టి ఐదేళ్ళో పదేళ్ళో చూసుకోనక్కర్లేదు. నూటికి ఒకరికన్నా తక్కువమందికే విఫలమవుతుంది. పిల్లలు పుట్టనివాళ్ళకి వేయకూడదని మనవైపు గట్టి నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అలా అనలేదు.

"రోజులు లెక్కపెట్టుకున్నాం పిన్నీ" అంది మా పిల్ల. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం వస్తుంది. వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతుకుతాయి. నెల తప్పకుండా గడియారంలా వచ్చేవాళ్ళకే ఈ లెక్క. పరీక్షల టైములో నెలసరే అటూ ఇటూ అయ్యే వయసులో ఈ లెక్క ఎలా కుదురుతుంది? మగవాడు చివర్లో తప్పుకునే పద్ధతిలో నూటికి ఇరవై మంది దాకా గర్భవతులవుతారు.

మరి ఆగడం? అదీ ఒక పద్ధతే, ఖర్చు లేనిది. నిజంగా ఆగితే నూటికి సున్నా. నేను దాన్ని ఎగతాళి చేయను. చదువు మధ్యలో ఉన్న పిల్లలకి నేను మొదట చెప్పేదీ అదే. అయితే ఆ ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఏమవుతుందో చూసినవాళ్ళున్నారు. 1996లో అమెరికా ప్రభుత్వం, పెళ్ళిదాకా ఆగమని మాత్రమే చెప్పే పాఠాలకు ఏటా 5 కోట్ల డాలర్లివ్వడానికి చట్టం చేసింది. ఆగుతామని ప్రమాణం చేసిన పిల్లల్నీ, వాళ్ళలాంటివాళ్ళే అయినా ప్రమాణం చేయనివాళ్ళనీ ఐదేళ్ళ తర్వాత పోల్చిన అధ్యయనం 2009లో వచ్చింది. ఆగడంలో ఇద్దరికీ తేడా లేదు. జాగ్రత్త తీసుకున్నవాళ్ళు మాత్రం ప్రమాణం చేసినవాళ్ళలోనే తక్కువ. మనకీ ఈ వాదన పాతదే. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగర్ అనే అమెరికా ఆవిడ వార్ధా వెళ్ళి గాంధీగారితో మాట్లాడారు. ఆవిడ సాధనాలన్నారు, ఆయన నిగ్రహమన్నారు. ఎవరి మాట మీద వారుండిపోయారు. ఆ గదిలో పందొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ఉండుంటే ఏమడిగేదో!

మనమేమో రెండూ చెప్పం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. మాత్రా, నిరోధూ, కాపర్-టీ లెక్కకే రావు. అంటే పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు, ఆపరేషన్. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే దారులున్నాయని మనకి తెలిసేలోపే పని ముగుస్తోంది. నాదీ అదే కథ.

చట్టం గురించి ఒక్క ముక్క. పద్దెనిమిది నిండని పిల్లతో అయితే, ఆమె ఇష్టపడినా 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరమే. ఈ మాట మగపిల్లల తల్లులు కూడా ఇంట్లో చెప్పాలి. గర్భం వచ్చేస్తే నాటుమందులకూ, ఎవరో ఇచ్చిన మాత్రలకూ పోవద్దు. 2021 సవరణ తర్వాత, పెళ్ళికాని అమ్మాయి కూడా 20 వారాల లోపు అర్హత ఉన్న డాక్టరు దగ్గర చట్టబద్ధంగా తీయించుకోవచ్చు.

అంతా విన్న మా అమ్మాయి, "అమ్మా, ఇందులో సగం మా టెన్త్ బయాలజీలో ఉంది. ఆ పాఠం ఇంట్లో చదువుకోమన్నారు సారు" అంది. మేనకోడలైతే రెండు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేసింది. డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగుదామనుకున్నారట ఇద్దరూ. "ఆగలేకపోతే?" అన్నాను. "ముందే డాక్టర్ దగ్గరికి నేనే వెళ్తాలే పిన్నీ, నిన్ను బస్సెక్కించను" అంది నవ్వుతూ.

అక్కకి ఇంకా తెలీదు. మొన్న ఫోన్లో "అది నీతోనే అన్నీ చెప్పుకుంటుందే, నాతో ఏం చెప్పదు" అని నిష్ఠూరమాడింది. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తనే చెప్తానంది పిల్ల. పక్కన నన్నుండమంది. అరిసెల పిండి అక్క దగ్గరే కొట్టిద్దామని చెప్పి, రెండు రోజులు ముందే వస్తున్నానన్నాను.