చేప వేశాక గరిటె పెట్టొద్దు

ఏమర్రా, ఇలా దగ్గరికి రండి. ఇవాళ చేపల పులుసు సంగతి మాట్లాడుకుందాం. ఎలా వండాలో చెప్పడానికి మీ నాయనమ్మ ఉంది. పొయ్యి మీద గిన్నెలో ఏం జరుగుతుందో నేను చెబుతాను.

నెల్లూరు వాళ్లు పులుసులో పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తారు. గోదావరి ఒడ్డున పులసతో బెండకాయలు వేస్తారు. తెలంగాణలో చెరువు చేప తెచ్చి చిక్కగా కాస్తారు. కారం, పులుపు, పోపు ఊరూరికీ మారతాయి. మారనిది ఒక్కటే. చేప ముక్కలు వేశాక ఎవరూ గరిటె పెట్టరు. మసిగుడ్డతో గిన్నె అంచులు రెండూ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి మళ్లీ పొయ్యి మీద పెడతారు. మాంసం కూరలో గరిటె తిరుగుతూనే ఉంటుంది కదా, చేపకు మాత్రం ఈ జాగ్రత్త ఎందుకు? ముక్కలు విరిగిపోతాయని చెబుతారు. నిజమే. మరి ఎందుకు విరుగుతాయి?

ఈసారి తినేటప్పుడు ఉడికిన ముక్కను వేలితో కాస్త నొక్కి చూడండి. రేకులు రేకులుగా జారిపోతుంది. మేకమాంసం అలా రాదు, పొడుగాటి పీచులుగా వస్తుంది. చేప కండ తల నుంచి తోక దాకా పొట్టి పొట్టి తునకలుగా వరసగా పేర్చి ఉంటుంది. ఒక్కో తునకా సూటిగా కాకుండా వంకరటింకరగా మడిచి ఉంటుంది. ఒక తునకకూ పక్క తునకకూ నడుమ పల్చటి తెల్లటి పొర ఉంటుంది, అదే వాటిని పట్టి ఉంచేది. చేప ఈదుతున్నప్పుడు ఈ తునకలు ఒకదాని వెనక ఒకటి బిగుసుకుంటూ పోతాయి, ఒళ్లు ఊగుతుంది, తోక నీటిని వెనక్కి నెడుతుంది. మన కంచంలో విడిపోయే రేకులు ఆ తునకలే. వాటి నడుమ ఉండాల్సిన పొర మాత్రం అప్పటికే కరిగి పులుసులో కలిసిపోయి ఉంటుంది. కథంతా ఆ పొరలోనే ఉంది.

ఆ పొర కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో అల్లినది. మన చర్మానికీ ఎముకలకూ, కండను ఎముకకు కట్టి ఉంచే తెల్లటి నరాలకూ బలాన్నిచ్చేది అదే. దాని రూపం అచ్చం మీ చెల్లెలి జడే. సన్నటి మూడు పాయలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. ఈ రహస్యం తేలింది ఎక్కడో కాదు, మద్రాసులో. 1952లో జె.డి. బెర్నల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా సరిగ్గా ఎవరికీ అంతు చిక్కలేదని మాటల్లో అన్నాడు. అక్కడి భౌతికశాస్త్ర ప్రొఫెసర్ జి.ఎన్. రామచంద్రన్ ఆ మాటను పట్టుకున్నారు. కంగారూ తోకలోని నరాన్ని తెప్పించి, దాని మీదికి ఎక్స్‌రేలు పంపి, ఫిల్ము మీద పడిన మచ్చల్ని లెక్కగట్టారు. 1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి 'నేచర్' పత్రికలో మూడు పాయల సంగతి ప్రకటించారు. మరుసటి ఏడు దాన్ని ఇంకా మెరుగుపరిచారు. రామచంద్రన్‌కు నోబెల్ రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

అదే మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఉంది. 1958లో దానికి డైరెక్టరైనవారు మన యలవర్తి నాయుడమ్మ గారు, అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టినాయన. ఆయనా రామచంద్రనూ ఇద్దరూ 1922లోనే పుట్టారు. తోలుకీ పులుసుకీ ఏమిటి సంబంధం అంటారా? తోలంటే దాదాపు కొల్లాజెనే. పచ్చి తోలును వేడి నీళ్లలో వేస్తే 60 డిగ్రీలు దాటాక చటుక్కున ముడుచుకుపోతుంది. లోపల జడలు విడిపోతున్నాయన్నమాట. అదే తోలును క్రోమియం లవణాలతో పదును చేస్తే పాయల మధ్య కొత్త కట్లు పడతాయి, అప్పుడు మరిగే నీళ్లకు కూడా ఓర్చుకుంటుంది. తోళ్ల పనివాడికి ఆ జడ ఎంతకీ విడకూడదు. వంట చేసేవాళ్లకు విడాలి. విడిపోయిన పాయలే జెలటిన్. మేక కాళ్ల సూపు చల్లారితే గడ్డకట్టేది దాని వల్లే.

ఇక చేప దగ్గరికి వద్దాం. మేక నేల మీద నాలుగు కాళ్లతో తన బరువు తానే మోయాలి, గుట్టలెక్కాలి, దూకాలి. దాని కండలో కొల్లాజెన్ ఎక్కువ, వయసు ముదిరేకొద్దీ పాయల మధ్య కట్లు గట్టిపడతాయి కూడా. అందుకే ముదురు మాంసాన్ని గంటలకొద్దీ ఉడికించాలి. చేప బరువును నీరే మోస్తుంది. పైగా దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడే. అంచేత దాని కొల్లాజెన్‌లో, పాయల్ని గట్టిగా బిగించే హైడ్రాక్సీప్రోలిన్ అనే అంశం తక్కువగా ఉంటుంది. నీళ్లు ఎంత చల్లనివైతే అంత తక్కువ. ఉత్తర సముద్రాల్లో తిరిగే కాడ్ చేప చర్మంలోంచి కొల్లాజెన్ తీసి ద్రావణంలో పెడితే, 15 డిగ్రీల దగ్గరే జడ విడిపోతుంది. ఆవుదైతే 40 దరిదాపుల దాకా ఆగుతుంది. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి చేపలవి ఈ రెంటికీ నడుమ, 30 దాటాక విడతాయి. ముక్కలో ఉన్నప్పుడు ఇంకాస్త తట్టుకుంటుంది కాబట్టి, వంటలో చేప పొరలు కరగడం 50 - 55 డిగ్రీల దగ్గర మొదలవుతుందనుకోండి. పులుసు కాగుతున్నది 100 డిగ్రీల దగ్గర. ముక్క వేసిన కాసేపటికే ఆ పొరలు సడలిపోతాయి. ఆ తర్వాత రేకుల్ని కలిపి ఉంచేది దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు గరిటె పెట్టామా, రేకులన్నీ చెదిరి పులుసంతా తునకలే.

రేకు లోపలి కండ ప్రోటీన్ల తీరు వేరు. వేడికి అవి కరగవు, బిగుసుకుంటాయి. 40 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, అంతదాకా వెలుతురు చొరబడేలా ఉన్న ముక్కను తెల్లగా మారుస్తాయి. 60 దాటాక తమలోని నీటిని పిండి బయటికి నెట్టేస్తాయి. ముక్క మధ్యలో 63 డిగ్రీలు రావాలని అమెరికాలో ఆహార భద్రత చూసేవాళ్లు చెబుతారు. అంటే ఉడికిన చేపకూ, ఎండిపోయి గొంతుకు అడ్డం పడే చేపకూ మధ్య దూరం చాలా తక్కువ. మాంసం వండేవాళ్లకు అరగంట అటూ ఇటూ అయినా ఫరవాలేదు. చేపకు అయిదు నిమిషాలు కూడా లెక్కే.

ఇక్కడ చాలామంది మంట పెంచి పని త్వరగా ముగించాలని చూస్తారు. పెంచితే ఏమొస్తుంది? నీళ్లు సన్నగా కాగినా, సలసలా మరిగినా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పులుసులోని ఉప్పు, చింతపండు దాన్ని పెంచేది ఏమంత ఉండదు. ఎక్కువ మంట ఇచ్చే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ముక్క ఒక్క నిమిషం కూడా ముందుగా ఉడకదు. పైగా అడుగు నుంచి ఎగదన్నే బుడగలు ముక్కల్ని పైకీ కిందికీ పొర్లిస్తాయి. గరిటె చేసే చెరుపంతా అవే చేస్తాయి. అందుకే చేప వేశాక సెగ తగ్గించమంటారు.

అదే కారణంగా పులుసు ముందు కాగాలి. ఉల్లిపాయ మగ్గాలి, కారం, ధనియాల పొడి నూనెలో వేగాలి, చింతపండు రసం పచ్చివాసన పోయేదాకా మరగాలి. వీటన్నిటికీ చాలాసేపు పడుతుంది, మంట గట్టిగానే ఉండొచ్చు. చేప ఆ పనులకు ఆగలేదు కాబట్టి చివర్న వస్తుంది. ముక్కల మందం కూడా చూసుకోండి. వేడి ముక్క మధ్యకు చేరడానికి పట్టే కాలం మందంతో పాటు సమానంగా పెరగదు. మందం రెట్టింపైతే కాలం ఇంచుమించు నాలుగింతలవుతుంది. అందుకని నడుం ముక్కలు ముందు వేసి, తోక ముక్కలు తర్వాత వేయడం మంచిది.

చింతపండు రుచి కోసమే అనుకోకండి. అందులో టార్టారిక్ ఆమ్లం ఉంది. సముద్రపు చేప ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది, ఉప్పు నీళ్లలో బతకడానికి దానికది అవసరం. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. చేపల బజారులో ముక్కు మూసుకునేది ఆ వాసనకే. పులుపు తగిలితే అది లవణంగా మారి గాల్లోకి లేవలేదు, మన ముక్కుదాకా రాదు. ముక్కల్ని నిమ్మరసంతోనో మజ్జిగతోనో కడగడంలోని కిటుకు అదే. చెరువు చేపది వేరే గోల, దానికి మట్టి వాసన. అది జియోస్మిన్ అనే పదార్థం వల్ల, నీటిలోని నీలి ఆకుపచ్చ నాచూ కొన్ని బాక్టీరియాలూ దాన్ని తయారుచేస్తాయి. తొలకరి వాన పడ్డప్పుడు నేలలోంచి వచ్చే కమ్మటి వాసన కూడా దానిదే. నేల మీద ఇంపుగా ఉండేది కంచంలో ఇంపుగా ఉండదు. పులుపు దాన్ని కూడా విరిచేస్తుంది. ఇంకో ఉపకారం, పులుపు ముక్క పైపొర ప్రోటీన్లను బిగిస్తుంది, దాంతో ముక్కకు కాస్త గట్టిదనం వస్తుంది. ఫ్రాన్సులో వంటవాళ్లు చేపను ఉల్లి, క్యారెట్, మిరియాలు వేసి కాచిన నీళ్లలో సన్న సెగ మీద ఉడికిస్తారు, అందులో వాళ్లూ వెనిగరో ద్రాక్ష సారాయో పోస్తారు. దేశాలు వేరైనా పొయ్యి దగ్గర ఇద్దరూ తెలుసుకున్నది ఒకటే.

గిన్నె మాటకొస్తే నా ఓటు మట్టి దాకకే. మట్టి మెల్లగా వేడెక్కుతుంది, పులుపుతో గొడవపడదు. దించాక కూడా చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది, కాబట్టి పూర్తిగా ఉడకకముందే పొయ్యి ఆపేయాలి. మట్టిది లేకపోతే స్టీలు మేలు. అల్యూమినియంలో చింతపండు పులుసు కాచి అలాగే ఉంచితే లోహం కొంత పులుసులోకి దిగుతుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేది కూడా ఇందుకే, పులుపు రాగిని కరిగించకుండా తగరం అడ్డుపడుతుంది.

పులస సంగతేమిటి, దాన్ని మట్టి దాకలో గంటలు గంటలు కాస్తారు కదా అని మీరడగొచ్చు. మంచి ప్రశ్న. పులస సముద్రంలో బతికి, వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీది వచ్చే చేప. ప్రయాణానికని ఒంటినిండా కొవ్వు దాచుకుంటుంది. ఉడికేకొద్దీ ఆ కొవ్వు కరిగి రేకుల మధ్య నిలిచి, నీరు పోయినా కండ నోట్లో మెత్తగా ఉండేలా చూస్తుంది. కొర్రమీనులో కొవ్వు చాలా తక్కువ. దాన్ని పులసలా కాస్తే పీచే మిగులుతుంది. ఏ చేపకైనా ఒకటే లెక్క కాదర్రా.

పులుసు మర్నాటికి బాగుంటుందన్నది ఉత్త మాట కాదు. ఉప్పూ పులుపూ ముక్క లోపలికి ఇంకడానికి చాలా గంటలు కావాలి, ఉడికే కాస్తసేపట్లో అవి పైపైనే ఉంటాయి. మిరప, ధనియాల వాసనలు నూనెలో నానుతాయి. తల, ఎముకలు, చర్మం ఇచ్చిన జెలటిన్ పులుసును చిక్కబరుస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే పైన వణుకుతూ గడ్డకడుతుంది కూడా.

ఒక్క విషయంలో మాత్రం పులుపూ కాపాడదు, మంటా కాపాడదు. కానాగడత, కవళ్లు, తూర లాంటి చేపలు ఎండలో మంచు లేకుండా ఉంటే బాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. తింటే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు రావచ్చు. ఎంత ఉడికించినా ఆ హిస్టమిన్ పోదు. ఆ చేపలు కొనేటప్పుడు ముందు చూడాల్సింది వాటి కింద ఐసు ఉందా లేదా అని.

మీ అత్తయ్య అమెరికా నుంచి ఫోన్ చేసి, అక్కడ దొరికే ముల్లు తీసిన కాడ్ ముక్కలు పులుసులో ముద్దయిపోతున్నాయంది. మనం చేపను అడ్డంగా కోస్తాం, నడుమ వెన్నెముక, చుట్టూ చర్మం ముక్కను కట్టి ఉంచుతాయి. ముల్లూ చర్మమూ తీసేసిన ముక్కకు ఆ రెండు ఆసరాలూ లేవు, పైగా కాడ్ చల్లటి నీళ్ల చేప. కాబట్టి అత్తయ్యకు ఇలా చెప్పండి. ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి పావుగంట ఉంచితే పైన కాస్త గట్టిపడతాయి. పులుసు పూర్తిగా కాగి, రుచి సరిపోయాక మంట బాగా తగ్గించి, ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా ఒక్క వరసలో జార్చాలి. మూత పెట్టి, నాలుగైదు నిమిషాల్లో పొయ్యి ఆపి, మిగతాది ఆ వేడికే వదిలేయాలి. వడ్డించేటప్పుడు వెడల్పాటి అట్లకాడతో ముక్కను అడుగు నుంచి ఎత్తాలి. మర్నాడు తినాలనుకుంటే ఆ పూటకు కావలసినంతే విడిగా తీసి వేడి చేసుకోమనండి.