నేరాంగీకారం ఉపసంహరణ

క్రిమినల్ కేసులో నిందితుడు న్యాయస్థానం ఎదుట నేరం ఒప్పుకొన్న తరువాత, ఆ మాటను వెనుకకు తీసుకొని విచారణ జరపమని కోరడాన్ని నేరాంగీకారం ఉపసంహరణ అంటారు. పోలీసుల ముందు చెప్పిన మాటలు, మేజిస్ట్రేటు నమోదు చేసే వాంగ్మూలం దీని పరిధిలోకి రావు. అభియోగాన్ని చదివి వినిపించి "నేరం ఒప్పుకొంటావా?" అని న్యాయమూర్తి అడిగినపుడు ఇచ్చే సమాధానమే ఇక్కడి నేరాంగీకారం. దీనిని ఏ దశలో వెనుకకు తీసుకొన్నారన్నదే ముఖ్యం.

నేరనిర్ధారణకు ముందు

భారతదేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. సెషన్స్ కేసులలో 252వ సెక్షను, వారంటు కేసులలో 264, సమన్ల కేసులలో 275 నేరాంగీకారానికి సంబంధించినవి. నిందితుడు నేరం ఒప్పుకొంటే న్యాయమూర్తి దానిని నమోదు చేయవలెను. దాని ఆధారంగా తన విచక్షణ మేరకు దోషిగా నిర్ణయించవచ్చును. అనగా నమోదు తప్పనిసరి, నేరనిర్ధారణ తప్పనిసరి కాదు. సందేహం కలిగితే న్యాయమూర్తి సాక్ష్యాలను విచారించవచ్చు.

ఉపసంహరణకు సంహితలో ప్రత్యేకమైన సెక్షను లేదు. అందువలన భయం చేతనో, అభియోగం అర్థం కాకనో, తక్కువ శిక్ష పడుతుందన్న హామీని నమ్మియో ఒప్పుకొన్నవారు, నేరనిర్ధారణ జరగక ముందే ఆ సంగతిని న్యాయమూర్తికి విన్నవించుకోవాలి.

ఉదాహరణ

2008 నవంబరు ముంబై దాడుల కేసులో అజ్మల్ కసబ్ మొదట నేరాన్ని నిరాకరించి, 2009 జూలై 20న అకస్మాత్తుగా అంగీకరించాడు. న్యాయమూర్తి ఎం.ఎల్.తహలియాని ఆ అంగీకారం అసంపూర్ణమని భావించి, దానిని రికార్డులో ఉంచి విచారణను కొనసాగించారు. అదే సంవత్సరం డిసెంబరులో కసబ్ తన మాటను వెనుకకు తీసుకున్నాడు. సాక్ష్యాల విచారణ పూర్తయిన తరువాతనే 2010 మే 3న అతనిని దోషిగా ప్రకటించారు.

నేరనిర్ధారణ తరువాత

ఈ దశ దాటితే మార్గం ఇరుకవుతుంది. 416వ సెక్షను ప్రకారం, నేరం ఒప్పుకొని సెషన్స్ కోర్టులో గాని మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టులో గాని దోషిగా తేలినవారు శిక్ష పరిమాణంపై, దాని చట్టబద్ధతపై మాత్రమే అప్పీలు చేసుకోగలరు. చిన్న జరిమానాతో కేసు వదిలిపోతుందని ఒప్పుకొన్నవారికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. జరిమానా కట్టినా దోషి అన్న నమోదు మిగిలిపోతుంది.

అయితే తిప్పేస్వామి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో 1982లో సుప్రీంకోర్టు ఒక రక్షణ కల్పించింది. తక్కువ శిక్ష హామీతో నేరం ఒప్పించి, పై కోర్టులో శిక్ష పెంచడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. అటువంటప్పుడు నేరనిర్ధారణను, శిక్షను రద్దు చేసి, నిందితుడు కోరుకొంటే తన వాదన వినిపించుకొనేందుకు కేసును కింది కోర్టుకు పంపాలని నిర్దేశించింది.

ప్లీ బార్గెయినింగ్

2006 జూలై 5 నుండి ఏడు సంవత్సరాలకు మించని శిక్ష గల కొన్ని నేరాలలో, శిక్ష విషయమై చట్టబద్ధంగా ఒప్పందం కుదుర్చుకొనే వీలు కలిగింది. నిందితుడు స్వచ్ఛందంగా దరఖాస్తు చేశాడా అని న్యాయమూర్తి ఏకాంతంగా విచారిస్తారు. కాదని తేలితే కేసు మామూలు విచారణకు వెళ్తుంది. దరఖాస్తులో ఒప్పుకొన్న విషయాలను మరొక ప్రయోజనానికి వాడరాదు.

అమెరికాలో

అమెరికా ఫెడరల్ న్యాయస్థానాలలో 11వ నియమం ఈ దశలను స్పష్టంగా విడదీసింది. కోర్టు అంగీకారాన్ని స్వీకరించక ముందు ఏ కారణమూ చెప్పకుండానే ఉపసంహరించుకోవచ్చు. స్వీకరించిన తరువాత, శిక్షకు ముందు, సాధారణంగా న్యాయసమ్మతమైన కారణం చూపాలి. శిక్ష విధించిన తరువాత ఉపసంహరణ లేదు; అప్పీలు వంటి మార్గాలే శరణ్యం.

న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం నిర్బంధంలో ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. నేరం ఒప్పుకొనక ముందే న్యాయవాదితో మాట్లాడటం శ్రేయస్కరం.