జలగ తాగిన ఉప్పునీళ్లు ఎటు పోతాయి?

ఉప్పు చల్లితే చచ్చే జలగ ఉప్పగా ఉండే మన రక్తాన్ని పొట్ట పగిలేలా ఎలా తాగుతుంది? పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్రశ్న మంచిదే. దానికి జనం చెప్పుకునే జవాబే నాకు చికాకు తెప్పిస్తుంది. జలగ మంచి రక్తం వదిలేసి చెడు రక్తాన్నే ఏరుకుని తాగుతుందట! అలా ఏరే సాధనమేదీ జలగ ఒంట్లో లేదు. పల్చటి పొర వెనక గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసి, అర్జినిన్ అనే అమైనో ఆమ్లం కొంచెం కలిపి పెడితే, ఐరోపా వైద్య జలగ వాటినే కడుపునిండా తాగేస్తుంది. అంటే రక్తంలో అది వెతుక్కునే రుచుల్లో ఉప్పు కూడా ఒకటి.

మరి ఉప్పు చల్లితే ఎందుకు చస్తుంది? ఒంటిమీది తడిలో కరిగిన ఉప్పు చర్మంలోంచి నీటిని లాగేస్తుంది కాబట్టి. మన రక్తం అంత గాఢమైనది కాదు. జలగ ఒంట్లోని ద్రవం గాఢత మన రక్తంలో సుమారు మూడింట రెండు వంతులుంటుంది. ఆ తేడాను అది తట్టుకోగలదు.

అసలు ఇబ్బంది మోతాదుతోనే. వైద్య జలగ ఒక్క పూటలో తన బరువుకు ఐదు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తాగుతుంది. రెండు గ్రాముల జలగ 10 మిల్లీలీటర్లు తాగిందనుకోండి. అందులో సగానికి పైగా ప్లాస్మా. ప్లాస్మాలో నూటికి 90 పాళ్లు నీరే, ఆ నీటిలో 50 మిల్లీగ్రాముల దాకా ఉప్పు. జలగకు కావలసింది ఎర్రకణాల్లోని ప్రోటీను. మిగతాదంతా మోత బరువు. ఆ బరువుతో ఈదలేదు, శత్రువుల నుంచి తప్పించుకోలేదు.

చెరువు కట్ట కింద వరి మడి ఉన్న రైతును తలుచుకోండి. ఊటనీరు రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది. నీటిని దించాలి, వేసిన ఎరువు మాత్రం పోకూడదు. మంచినీటిలో బతికే జలగ రోజువారీ అవస్థ ఇదే. చర్మం గుండా నీరు ఊరుతూ ఉంటుంది, ఉప్పేమో జారిపోతూ ఉంటుంది. అందుకే ఉప్పు దాచుకుని పల్చటి మూత్రం వదులుతుంది. రక్తం తాగిన రోజు మాత్రం ఎరువు బస్తాలతో సహా వరద మడి మీద పడ్డట్టే. ఇక పొదుపు కుదరదు. మడవ పూర్తిగా తీసి నీటినీ ఎరువునీ కలిపే కాలువలోకి వదలాలి. గట్టు మీద కూర్చుని నీటి రుచి చూసి మడవ ఎంత తీయాలో చెప్పే మనిషి కూడా ఆ మడికి ఉన్నాడు. జలగ విసర్జక నాళికలకు వెళ్లే ప్రత్యేక నాడీకణాలు ఒంట్లోని క్లోరైడ్ మోతాదును పసిగడతాయని ఏంజెలా వెన్నింగ్ పరిశోధనలు తేల్చాయి.

ఆ నాళికలు 17 జతలు. డిగ్రీ జువాలజీలో చదివే మన పశువుల జలగకూ అన్నే. మన మూత్రపిండం రక్తపోటు బలంతో రక్తాన్ని వడపోస్తుంది. జలగ పద్ధతి వేరు. నాళికలోని కణాలు పొటాషియం, క్లోరైడ్‌లను పనిగట్టుకుని సన్నటి కాలువల్లోకి తోస్తాయి. వాటి వెంట నీరు తనంతట తనే వెళుతుంది. తర్వాత వచ్చే పెద్ద కాలువ గోడలు లవణాలను వెనక్కి లాక్కుంటాయి కానీ నీటిని రానివ్వవు. మిగిలిన పల్చటి నీరు మూత్రాశయానికి చేరుతుంది. రక్తం తాగాక ఈ ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది, సోడియం కూడా భారీగా బయటికి పోతుంది. పొట్ట గోడలు సోడియాన్ని లోపలి రక్తంలోంచి ఒంట్లోకి లాగుతాయి, నీరు దాన్నే అనుసరిస్తుంది. కొద్ది రోజుల్లో పొట్టలో చిక్కటి రక్తమే మిగులుతుంది.

ఉప్పు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. తాగిన జలగ మూతికి నూనె, ఉప్పు రాసి కక్కించమంటుంది సుశ్రుత సంహిత. ఎంత నిశితమైన పరిశీలన! అయితే కాలికి పట్టుకున్న జలగ మీద మాత్రం ఉప్పు చల్లకండి. అది పుండులోకే కక్కే ప్రమాదం ఉంది, దాని పొట్టలో ఏరోమోనాస్ బాక్టీరియా ఉంటుంది. మూతి దగ్గర గోరుతో మెల్లగా పక్కకు నెడితే ఊడివస్తుంది.

చిక్కబడిన రక్తం నెలల తరబడి అరుగుతుంది. ఉప్పు వరద తీరాక నాళికలు మళ్లీ పొదుపులో పడతాయి. ప్రోటీను విరిగినప్పుడు పుట్టే అమ్మోనియా విషం. దాన్ని బాగా పల్చన చేసి పంపాలంటే బోలెడు నీరు కావాలి. చర్మం గుండా ఊరే ఆ నీరే ఇప్పుడు దానికి పనికొస్తుంది.