ఆటకును జూదమునకును నడుమ

1931లో విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయపూరు వరకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల తెలుగువారు పలువురు బ్రతుకుతెరువు వెదకికొనుచు ఆ పట్టాల వెంటనే ఉత్తరమునకు వచ్చి, రైల్వే కొలువులలోను, మిల్లులలోను, చిల్లర వర్తకములలోను కుదురుకొనిరి. వారి సంతతి నేడు మూడవ నాలుగవ తరమునకు వచ్చినది. అది బడిలో హిందీయు నింగ్లీషును చదువుచు, బజారున ఛత్తీస్‌గఢీలో బేరమాడుచు, ఇంట మాత్రము మామ్మకు అర్థమగునంత తెలుగు మిగుల్చుకొన్నది. ఆ మిగిలిన కొంచెపు మాటను గూడ సెల్‌ఫోనులోని ఆట మ్రింగివేయుచున్నదని తాతల యారోపణము. ఇందు సగము నిజమున్నది. తక్కిన సగము, ఆ యాట యెట్టిదో వారెన్నడును కన్నులార చూడకపోవుటవలన పుట్టినది.

"అన్నం చల్లారిపోతోంది, రారా" అని మామ్మ పిలుచును. "ఒక్క నిమిషం మామ్మా, ఇది పాజ్ అవదు" అని లోపలినుండి జవాబు వచ్చును. ఈ జవాబును మనము పెంకెతనముగా గ్రహింతుము గాని, విచారించినచో అది అక్షరాలా సత్యము. పిల్లలు మిక్కిలిగా నాడు బీజీఎంఐ యను ఆటయందు నూరుమంది వరకు ఒకే విమానమునుండి ఒక దీవిపై దుమికి, ఆయుధములు వెదకికొని, ఒకరినొకరు వేటాడుదురు. వారి చుట్టును ఒక వలయము కొన్ని నిమిషముల కొకసారి ముడుచుకొనుచు వచ్చి, దాగియున్నవానిని గూడ బయటికి తఱుమును. కడపట నిలిచిన జట్టుదే గెలుపు. ఒక మ్యాచు పూర్తియగుటకు ఇంచుమించుగా అరగంట పట్టును. నలుగురు కూడిన జట్టులో ఒకడు రాయపూరు దేవేంద్రనగరునను, ఒకడు భిలాయిలోను, ఒకడు విశాఖపట్టణమునను ఉండవచ్చును. వీడు అన్నమునకై ఫోను క్రింద పెట్టినచో వీని బొమ్మ నిలుచున్నచోటనే నిలిచి శత్రువు గుండునకు గుఱియగును. ఆ నష్టము తక్కిన మువ్వురిది.

ఒకమాఱు మనుమని వెనుక కుర్చీ వేసికొని ఆద్యంతము చూచితిని. ఎడమ బొటనవ్రేలు బొమ్మను నడపుచుండును, కుడి బొటనవ్రేలు గుఱి చూచుచుండును, చెవిలోని తీగలో ఎడమవైపున అడుగుల చప్పుడు వినబడినంతనే బొమ్మ గోడచాటునకు తప్పుకొనును. "జోన్ వస్తోంది, బ్రిడ్జి మీంచి వద్దు, నదిలోంచి రండి" అని వాడు హిందీలోను తెలుగులోను కలగలిపి ఆజ్ఞాపించుచుండగా, బడిలో పేరు పిలిచినను తలయెత్తడని పంతులుగారు చెప్పిన పిల్లవాడు వీడేనా యని నాకు ఆశ్చర్యము కలిగినది. ఆ రాత్రినుండి మా యింట "ఎన్ని గంటలు" అను ప్రశ్న పోయి "ఎన్ని మ్యాచులు" అను ప్రశ్న వచ్చినది. భోజనమునకు ముందు ఒకటి, హోంవర్కు ముగిసిన పిదప ఒకటి. గడియారముతో పేచీపడు పిల్లవాడు మ్యాచుల లెక్కకు మాఱుమాటాడుట లేదు.

మన తరమువారు తమ వ్యసనములను మఱచుటలో కడు సమర్థులు. రైల్వే ఇన్‌స్టిట్యూటు వరండాలో రమ్మీకి కూర్చున్న పెద్దమనుష్యులు ఇంటి దీపములు ఆఱిన పిమ్మటగాని లేవకుండిన దినములు నే నెఱుగుదును. అప్పుడు ఎవరును మన గంటలు లెక్కింపలేదు. చిత్రమేమనగా, మారియోను లోకమునకిచ్చిన నింటెండో సంస్థ సైతము 1889లో క్యోటో నగరమున పేకముక్కలు తయారుచేయు అంగడిగానే పుట్టినది. చుట్టరికము పాతదే. ఆ జపానుననే 1930లో జన్మించిన హమాకో మోరి యను వృద్ధురాలు 1981 మొదలు వీడియో ఆటలాడుచు వచ్చి, 2020లో మిక్కిలి వయసుగల గేమింగ్ యూట్యూబరుగా గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. మనమంత దూరము పోనక్కఱలేదు.

"బయటికి పోయి ఆడుకొనరాదా?" అని వేఱొక మాట. ఛత్తీస్‌గఢ్‌లో బయటి యాటలకు కొదువలేదు. హరేలీ పండుగకు వెదురు గేడీలెక్కి నడచుటయు, భౌఁరా యని పిలువబడు బొంగరమును, బాటీలనబడు గోలీలును ఈ నేల సొత్తులే. 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఇట్టి దేశవాళీ ఆటలను కూర్చి ఛత్తీస్‌గఢియా ఒలింపిక్సు నడిపినది. కాని మే నెల చివర నౌతపా దినములందు వీధి నిప్పుకణికవలె కాలుచున్నపుడు, గడప దాటవద్దని పిల్లవానిని లోన కూర్చుండబెట్టునది మనమే. లోన కూర్చున్నాడని నిందించునదియు మనమే. వీధిలో గేడీ నాటుటకు జాగా యేది? మోటారుసైకిళ్లు నిలుపుటకే చాలుట లేదు.

ఇట్లనుటచే ఆటవలన హాని లేదని నా తాత్పర్యము కాదు. 2022 జనవరి 1నుండి అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థవారి రోగముల వర్గీకరణయందు గేమింగ్ రుగ్మత చేరియున్నది. అయితే ఎక్కువసేపు ఆడుట మాత్రమే రోగమని వారనలేదు. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నింటికన్న దానికే పెద్దపీట వేయుట, కీడు కనబడుచున్నను మానలేకపోవుట, ఈ లక్షణములు సాధారణముగా ఒక సంవత్సరముపాటు నిలిచి, చదువును సంసారమును చెఱచినపుడే దానికా పేరు. అట్టి పిల్లవానికి కావలసినది వైద్యుడు గాని తిట్టు కాదు.

పెద్దల కన్ను నిజముగా నిలువవలసిన చోటు వేఱొకటి గలదు, అది డబ్బు. ఈ యాటలు ఉచితముగా దొరకును. కాని బొమ్మకు క్రొత్త దుస్తులు, తుపాకికి క్రొత్త రంగు, ఏమి వచ్చునో తెలియని మూసిన పెట్టెలు, వీనిని కొనుటకు యూసీలని, డైమండ్లని ఒక నాణెమును గల్పించి, దానిని మన రూపాయలతో కొనిపింతురు. రూపాయలు పేరు మార్చుకొన్న క్షణమున పిల్లవానికి లెక్క తప్పును. 2021లో మన రాష్ట్రమందే కాంకేర్ జిల్లా పఖాంజూరులో ఒక తల్లి బ్యాంకు ఖాతానుండి మూడు లక్షల రూపాయలకు పైగా మాయముకాగా, దొంగలెవరో కాజేసిరని తలచిరి. తుదకు అదంతయు ఆమె కుమారుడు ఆటయందలి ఆయుధములకు వెచ్చించినదని తేలినది.

ఇక అచ్చపు జూదము సంగతి వేఱు. మహాదేవ్ పేరిటి బెట్టింగు యాప్ వ్యవహారము 2023లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు సోదాలతో ఇచ్చటి పత్రికలను నింపివేసినది. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను డబ్బొడ్డు ఆన్‌లైను ఆటలను నిషేధించినవి; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని ఒక చట్టము చేసి, డబ్బు గెలుతుమన్న యాశతో డబ్బొడ్డు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్సును మాత్రము గుర్తించి ప్రోత్సహింప నిశ్చయించినది. పాచికలతో రాజ్యము పోగొట్టుకొన్నవాని కథ చదివి పెరిగిన మనకు ఈ భేదము ఒకరు చెప్పవలసిన పని లేదు. కాని తుపాకికి రంగు కొనుటను ఏ చట్టమును ఆపదు. అచ్చట కాపలా ఇంటివారిదే.

ఆ కాపలాయందు మన లోపమొకటి చెప్పక తప్పదు. కరెంటు బిల్లు కట్టుమని, మందులకొట్టువానికి ఫోన్‌పే చేయుమని ఫోనును మనుమని చేతికిచ్చి, రహస్యసంఖ్యను గూడ వాని చెవిలో చెప్పునది మనమే గదా. కావున, తాతలారా, ఆటను తిట్టుటకు ముందు ఆ పిన్ను మార్చుకొనుడు. మార్చుట యెట్లో మనుమని మాత్రము అడుగకుడు.